శ్రోత బతుకు సముద్రం పాలు

మా ఆవిడ నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు "డాక్టరుగా రిటైరయ్యారు" అని మామూలు గొంతుతో చెప్పి, "ఓడ రేడియో వింటారు" అని గొంతు తగ్గించి చెబుతుంది. వినేవాళ్ళు ఇదేదో షుగరు, బీపీల తర్వాత వచ్చే మూడో జబ్బనుకుని జాలిగా తలూపుతారు. "మందులేమైనా వాడుతున్నారా?" అని ఒకాయన అడిగాడు కూడా. ఆవిడ కాదనలేదు. "దేనికీ తగ్గట్లేదండీ" అంది.

జబ్బే అనుకున్నా, దీని పుట్టుక తెనాలిలో. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలు జాతి అభిరుచిని పాడుచేస్తున్నాయని గట్టిగా తోచింది. ఆకాశవాణిలో సినిమా పాటలు పలచబడి పలచబడి వినపడకుండా పోయాయి. వాటి జాగాలో శాస్త్రీయ సంగీతం దండిగా వచ్చింది. జాతి సంగతేమో కానీ, మా వీధి కాఫీ హోటల్లో రేడియో ముల్లు మద్రాసు దాటి, సముద్రం దాటి, కొలంబో దగ్గర ఆగింది. యుద్ధకాలంలో సైనికుల కోసం పెట్టిన ట్రాన్స్‌మిటర్ మీద రేడియో సిలోన్ వాళ్ళు మన పాటలు మనకే వినిపించేవారు. జనం కాఫీకి కాక పాటకి వస్తున్నారని హోటలాయన ఇట్టే పసిగట్టాడు. పాట మొదలయ్యాక కూడా ఏమీ చెప్పకుండా కూర్చున్నవాణ్ణి నిర్దాక్షిణ్యంగా లేపేసేవాడు. నాలాంటి లాగూగాళ్ళం గుమ్మం బయటే నిలబడి వినేవాళ్ళం. మంత్రిగారు వద్దన్న పాట సముద్రం మీదుగా వస్తుందన్న జ్ఞానం నాకు ఆ గుమ్మంలోనే కలిగింది.

గుంటూరులో డాక్టరీ చదివి 1965లో ఇంగ్లండు వచ్చాను. ఎసెక్స్ తీరంలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం, ఒక ఓనరమ్మ ఇంటి మేడమీద గది. బీటిల్స్ పుట్టిన దేశం కదా, రేడియో విప్పితే పాటలు వరదలై పారతాయని ఆశపడ్డాను. విప్పితే బీబీసీ. అప్పట్లో ఈ దేశంలో రేడియో అంటే అదొక్కటే. రికార్డులు వేస్తే వాయిద్యాలవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని సంగీతకారుల సంఘం, రికార్డుల కంపెనీలూ కలిసి బీబీసీతో ఒక ఒప్పందం చేసుకున్నాయి. రోజుకి కొన్ని గంటలకి మించి గ్రామఫోన్ రికార్డులు వేయకూడదు. మిగతా టైములో జనం మెచ్చిన పాటల్ని బీబీసీ ఆర్కెస్ట్రావారు స్వయంగా వాయించి వినిపించేవారు. ఆ వాయింపులో దోషం ఏమీ ఉండేది కాదు. అదే దాని దోషం. కేస్కర్ గారు రిటైరై ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారా అని నాకు బలమైన అనుమానం వచ్చింది.

ఆ అనుమానంతోనే ఒకరాత్రి ట్రాన్సిస్టర్ ముల్లు తిప్పుతుంటే టంగు టంగుమని ఓడ గంట మోగింది. వెంటనే పాట. అది అయ్యీ అవకముందే ఇంకో పాట. మధ్యలో ఒక కుర్రాడు, నిద్ర మానేసి నాతో కబుర్లు చెప్పడానికే కూర్చున్నంత చనువుగా మాట్లాడాడు. అతని వెనక ఏదో కిర్రుమంటోంది. పొద్దున్నే ఓనరమ్మని అడిగాను, అదేం స్టేషనని. ఆవిడ టీ కప్పు కింద పెట్టి, కిటికీలోంచి సముద్రం వైపు గడ్డం ఎత్తి, "అదుగో, ఆ దొంగలు" అంది. ఆ తర్వాత వంటింట్లో గిన్నెలు తోముకుంటూ రాత్రి నేను విన్న పాటే కూనిరాగం తీసింది.

ఆ దొంగల కథ చాలా పద్ధతైన కథ. రోనన్ ఓ'రాహిలీ అని ఒక ఐరిష్ కుర్రాడు. తన దగ్గరున్న గాయకుడి రికార్డు పట్టుకుని స్టేషన్లకి తిరిగితే ఎవరూ వేయలేదు. మనమైతే మంత్రిగారికి అర్జీ పెట్టుకుంటాం. అతను ఓడ కొన్నాడు. డెన్మార్క్‌లో ప్రయాణికుల్ని దాటించిన పాత ఓడని ఐర్లండ్‌లో వాళ్ళ నాన్నగారి రేవుకే తీసుకెళ్ళి, ట్రాన్స్‌మిటర్ బిగించి, 1964 ఈస్టర్ పండగకి తీరానికి మూడు మైళ్ళ అవతల లంగరేశాడు. ఆ మూడు మైళ్ళలోనే ఉంది కీలకం. బ్రిటిష్ చట్టం తీరం నుంచి మూడు మైళ్ళ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయేది. చట్టానికి ఈత రాదు. స్టేషన్ పేరు రేడియో కరోలిన్, అమెరికా అధ్యక్షుడు కెనెడీ గారి చిన్నారి కూతురి పేరు. ఒక పత్రికలో ఆ పిల్ల ఫొటో చూసి ముచ్చటపడి పెట్టాడట. మొదట్లో అసలు తరంగం 197 మీటర్ల దగ్గర ఉండేది కానీ, పేరుతో ప్రాస కుదరాలని 199 అని చెప్పుకునేవారు. ప్రాస కోసం రెండు మీటర్లు జరిగిన స్టేషన్ అంటే, పద్యాలు బట్టీపట్టి పెరిగినవాణ్ణి, నాకు ఆటోమేటిగ్గా గౌరవం కలిగింది.

నేను వచ్చేసరికే సముద్రం మీద చోటు చాలడం లేదు. కరోలిన్‌కి రెండు ఓడలు. ఒకటి ఉత్తరాన ఐల్ ఆఫ్ మాన్ దగ్గర. రెండోది, మీ అమీగో అనే ఓడ, మా ఎదురుగా ఫ్రింటన్ ఊరి దగ్గర. దాని పక్కనే అమెరికా నౌకాదళం మందుపాతరలు ఏరడానికి వాడి పారేసిన ఓడలో రేడియో లండన్. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట, జర్మన్ విమానాల్ని కొట్టడానికి కాంక్రీటు స్తంభాల మీద కట్టిన కోటల్లో మరికొన్ని స్టేషన్లు. సిలోన్‌లో ట్రాన్స్‌మిటర్, ఇక్కడ ఓడలూ కోటలూ! రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన సామానంతా చివరికి పాటలకే పనికొచ్చింది.

అన్నట్టు ఈ ఫ్రింటన్ ఎంత మర్యాదస్తుల ఊరంటే, 2000 సంవత్సరం వచ్చేదాకా అక్కడ ఒక్క పబ్బు కూడా తెరవనివ్వలేదు. దేశంలోకెల్లా అల్లరి స్టేషన్ వెళ్ళి వెళ్ళి సరిగ్గా వాళ్ళ వాకిట్లో లంగరేసింది. 1966 జనవరిలో ఒక రాత్రి తుఫానుకి లంగరు తెగి, మీ అమీగో ఏకంగా ఒడ్డుకే కొట్టుకొచ్చేసింది. తెల్లారేసరికి ఊరు ఊరంతా కట్ట మీద నిలబడింది. నేనూ డ్యూటీ దిగి పరిగెత్తాను. ఓడ ఇసుకలో ఓ పక్కకి ఒరిగి, కెరటం కొట్టినప్పుడల్లా ఒళ్ళంతా ఊగుతోంది. కాంక్రీటు కట్టలకి తగలకుండా వాటి మధ్య సందులో వచ్చి పడిందట, లేకపోతే ముక్కలయ్యేదే. అనౌన్సర్లని ఒడ్డుకి చేర్చిన పద్ధతి మాత్రం పత్రికల్లో ఫొటోలతో సహా వచ్చింది. నీళ్ళలో తేలే ఒక చక్రానికి గుడ్డ లాగు కుట్టి తాడుకి వేలాడదీస్తారు. మనిషి అందులో కాళ్ళు దూర్చి కూర్చుంటే, ఒడ్డునున్నవాళ్ళు బట్టలారేసినంత నింపాదిగా లాక్కొస్తారు. దేశంలో ఆడపిల్లలందరూ కలవరించే టోనీ బ్లాక్‌బర్న్ కూడా చలికి వణుకుతూ అలాగే దిగాడు. ఇరవై దాటిన కుర్రాళ్ళు. దిగగానే కోస్ట్‌గార్డువాళ్ళు పోసిన టీ తాగి, మళ్ళీ ఎప్పుడు ఎక్కిస్తారని అడిగే రకం. మర్యాదస్తుల ఊరు వాళ్ళని తిట్టుకుంటూనే దుప్పట్లు తెచ్చిచ్చింది.

ఓడ రిపేరుకి హాలండ్ వెళ్ళింది. ఈలోగా స్వీడన్‌లో ఓడ రేడియో నడుపుకునే బ్రిట్ వాడ్నర్ అనే ఆవిడ తన ఓడని కరోలిన్‌కి అరువిచ్చింది. పోటీ కంపెనీవాడికి ఓడ అరువివ్వడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మా ఆస్పత్రిలో పక్క వార్డువాళ్ళు స్టెతస్కోపే ఇచ్చేవారు కాదు.

ఆ మరుసటి ఏడు పెళ్ళి చేసుకుని మా ఆవిడని తీసుకొచ్చాను. తెనాలి నుంచి నేరుగా ఎసెక్స్. వచ్చిన కొత్తలోనే ఒక రాత్రి పాత మోరిస్ మైనర్లో ఫ్రింటన్ కట్ట మీదికి షికారు తీసుకెళ్ళాను. షికారు పేరు షికారే కానీ అసలు సంగతి జానీ వాకర్. అప్పట్లో కరోలిన్‌లో రాత్రి ప్రోగ్రాం అతనిదే. కట్ట మీద కార్లు ఆపుకుని తన ప్రోగ్రాం వింటున్న జంటల్ని ఓడలోంచి పలకరించేవాడు. జవాబుగా వీళ్ళు కారు దీపాలు వెలిగించి ఆర్పాలి. ఓడ మీదికి ఆ దీపాలు కనబడేవి. ఫోన్లు, ఉత్తరాలు ఏమీ లేకుండా, చీకట్లో మూడు మైళ్ళ నీళ్ళకి ఇటూ అటూ కబుర్లు నడిచేవి. నాకు అంతకంటే అద్భుతం ఇంకోటి ఉండేది కాదు.

"వింటున్నావా, ఇప్పుడు మనల్నే అడుగుతున్నాడు" అన్నాను.

"మనల్నా? మనం ఎవరో ఆయనకి తెలుసా?"

"తెలీదు. దీపం వెలిగిస్తే తెలుస్తుంది." వెలిగించి ఆర్పాను. ఓడలోంచి అతను సంతోషంగా ఏదో అన్నాడు. చుట్టుపక్కల కార్లు కూడా వెలిగాయి. తర్వాత అతను, కార్లలో ఉన్నవాళ్ళంతా ఇప్పుడు ముద్దు పెట్టుకోవాలని ప్రకటించి, అందుకు అనువైన పాట వేశాడు. ఆ ప్రోగ్రాంలో అదొక నిత్యకృత్యం.

మా ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు. కాసేపు మాట్లాడలేదు.

"ఏవండీ, ఆయనకి మనం కనిపిస్తున్నామా?"

"మనం కాదు. మన దీపం."

"అయితే ఆర్పెయ్యండి" అంది.

ఆర్పేశాను. ఆ వాక్యానికి రెండు అర్థాలున్నాయని నాకు చాలా ఆలస్యంగా, ఇంటికొచ్చాక తట్టింది.

కోటల్లో స్టేషన్ల కథ ఇంత సరదా కాదు. 1966 జూన్‌లో షివరింగ్ శాండ్స్ కోటలో ఉన్న రేడియో సిటీని పోటీదారుల తరఫు మనుషులు ఆక్రమించారు. దాని యజమాని రెజ్ కాల్వర్ట్ నిలదీయడానికి అవతలి పెద్దమనిషి ఇంటికి వెళ్ళి తుపాకి గుండుకి చనిపోయాడు. కాల్చిన ఆలివర్ స్మెడ్లీ ఆత్మరక్షణ అన్నాడు, కోర్టు వదిలేసింది. పాటల వెనక ఏం పారుతోందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ప్రభుత్వానికి కావలసిన సాకూ దొరికింది. ఇంకో కోటని ఆక్రమించిన రాయ్ బేట్స్ అనే మాజీ మేజరు మాత్రం మరుసటేడు ఇంకో అడుగు ముందుకేసి, ఆ కోట ఒక స్వతంత్ర దేశమనీ, దాని పేరు సీలాండ్ అనీ, దానికి తానే యువరాజుననీ ప్రకటించుకున్నాడు. రేడియో పెట్టుకోనివ్వరా, అయితే దేశమే పెట్టుకుంటాను అని.

ఇక చట్టానికి వద్దాం. హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం 1967లో సముద్ర ప్రసారాల నేరాల చట్టం తెచ్చింది. బ్రిటిష్ పౌరులు ఆ ఓడల మీద పనిచేస్తే నేరం. వాళ్ళకి తిండి, నీళ్ళు, రికార్డులు పంపితే నేరం. ప్రకటనలిస్తే నేరం. ఫలానా టైముకి ఫలానా ప్రోగ్రాం వస్తుందని పత్రికలో వేసినా నేరమే. అనుమతి లేని స్టేషన్ని వినడం ఎలాగూ అంతకుముందు నుంచే తప్పు. నాకు జీతమిచ్చేది ఆ ప్రభుత్వమే. పగలు వాళ్ళ రోగుల్ని చూసుకుంటూ, రాత్రి వాళ్ళ చట్టాన్ని దుప్పటి కింద ఉల్లంఘిస్తూ వచ్చాను. రెండు డ్యూటీలూ శ్రద్ధగానే చేశాను.

చట్టం అమల్లోకి వచ్చింది ఎప్పుడనుకున్నారు? ఆగస్టు 14 అర్ధరాత్రి దాటాక. పదిహేనో తారీకు! మనకి స్వరాజ్యం ఇచ్చిన అర్ధరాత్రికి సరిగ్గా ఇరవై ఏళ్ళు. పద్నాలుగు మధ్యాహ్నం మూడింటికి రేడియో లండన్ బీటిల్స్ పాటొకటి వేసి బుద్ధిగా మూసేసుకుంది. కరోలిన్ మాత్రం ఆపేది లేదంది. ఆ రాత్రి మా సీనియర్ డాక్టరు గారింట్లో స్వాతంత్ర్య దినోత్సవం పేరిట తెలుగు డాక్టర్లందరం కలిశాం. పులిహోర, గారెలు, గోడకి గాంధీగారు. నేను ఒక మూల ట్రాన్సిస్టర్ పెట్టుకుని చిన్న సౌండులో వింటున్నాను. పన్నెండు కొట్టింది. ఓడలో ఉన్న జానీ వాకర్ "వీ షల్ ఓవర్‌కమ్" వేశాడు. నేను ఆవేశంలో సౌండ్ పెంచేశాను.

గదిలో మాటలు ఆగిపోయాయి. సీనియర్ గారు గారె చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి అందరూ నిలబడ్డారు. ఆడవాళ్ళు వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు. పాట అయ్యేదాకా ఎవరూ కదలలేదు. సీనియర్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంతైనా దొరలు దొరలేనయ్యా. మన ఆగస్టు పదిహేను గుర్తుపెట్టుకుని అర్ధరాత్రి బీబీసీలో పాట వేశారు చూడు" అన్నారు.

"బీబీసీ కాదండీ. ఓడ మీంచి."

"ఏ ఓడ?"

"ఇప్పుడే చట్టవిరుద్ధమైన ఓడండీ. రెండు నిమిషాలైంది."

ఆయన వెంటనే కూర్చున్నారు. "ముందే చెప్పొద్దూ! నాకు వచ్చే నెల కన్సల్టెంట్ ఇంటర్వ్యూ ఉంది. కట్టెయ్యి, కట్టెయ్యి" అన్నారు. అందరూ కూర్చున్నారు. మా ఆవిడ ఒక్కతే ఇంకాసేపు నిలబడింది. తిరుగుబాటేమో అని మురిసిపోయాను. కుర్చీ దొరకలేదుట.

సెప్టెంబరు 30న బీబీసీవారు రేడియో వన్ మొదలుపెట్టారు. పొద్దున్నే మొదటి గొంతు ఎవరిదంటే, లాగుచక్రంలో వేలాడుతూ దిగిన టోనీ బ్లాక్‌బర్న్‌ది! ఓడల మీది కుర్రాళ్ళలో చాలామందిని తీసుకొచ్చి అక్కడే కూర్చోబెట్టారు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దొంగలు, ఒడ్డెక్కితే ఉద్యోగస్తులు. ప్రభుత్వాల తెలివితేటలు మనం ఊరికే తక్కువ అంచనా వేస్తాం. అవే పాటలు, అవే గొంతులు, గరగర లేకుండా, నేరం కాకుండా, పొద్దున్నే ఇంటికొస్తున్నాయి.

"ఇంకేం, పాటలు ఒడ్డుకే వచ్చాయిగా. ఇప్పుడైనా ఆ ముల్లు తిప్పడం మానతారా?" అంది మా ఆవిడ.

న్యాయమైన ప్రశ్న. మానలేకపోయాను. ఎందుకు మానలేకపోయానో ఆలోచిస్తే నాకే వింతైన సంగతి తెలిసింది. నేను కరోలిన్‌ని పాటల కోసం వినడం ఎప్పుడో మానేశాను. పాట వస్తోందా లేదా అన్నదే చూస్తున్నాను. వస్తుంటే ఓడ ఉన్నట్టు. ఏ పాటైనా సరే, ఆఖరికి నచ్చని పాటైనా, ఓడ మునగలేదన్న కబురే. గాలి పెరిగితే నిద్రపట్టేది కాదు. బీబీసీలో నావికుల కోసం చదివే వాతావరణం వార్తలు కంఠతా వచ్చేశాయి. థేమ్స్ సముద్రంలో గాలి ఎనిమిదో నంబరు అని బీబీసీవాడు చెబితే, చప్పున ముల్లు కరోలిన్‌కి తిప్పి, ఉందా అని చూసుకుని, మళ్ళీ బీబీసీకి వచ్చేవాణ్ణి. దొంగ స్టేషన్ క్షేమసమాచారం సర్కారీ స్టేషన్లో. కొత్తగా కాపురానికి పంపిన కూతురి ఊళ్ళో వానలెలా ఉన్నాయో పేపర్లో వెతుక్కునే తండ్రి గతే నాదీను. తేడా ఏమిటంటే, ఆ తండ్రిని ఎవరూ ఎగతాళి చేయరు.

దిగులుపడే శ్రోతకి కరోలిన్ ఏనాడూ లోటు చేయలేదు. 1968 మార్చి 3న తెల్లవారుజామున రెండు ఓడలూ మూగబోయాయి. చట్టం కాదు కారణం. తిండీ నీళ్ళూ చేరవేసే డచ్ కంపెనీకి బాకీ పడితే, వాళ్ళే వచ్చి తాళ్ళు కట్టి ఓడల్ని హాలండ్‌కి లాక్కుపోయారు. చట్టం చేయలేని పని అప్పు చేసింది.

ఆ ఖాళీలో, 1970లో, రంగురంగుల పూతలేసుకుని రేడియో నార్త్ సీ అనే స్విస్ వాళ్ళ ఓడ వచ్చింది. విల్సన్ ప్రభుత్వం దాని మీదికి కూతలు ప్రసారం చేసి వినపడకుండా చేస్తే, ఎన్నికల ముందు అది ప్రభుత్వాన్ని తిట్టిపోసింది. శాంతికాలంలో సొంత జనం వినే పాటల మీద కూతలేసిన ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోయింది. మరుసటేడు పోటీ స్టేషన్ డబ్బిచ్చి పంపిన మనుషులు ఆ ఓడలో బాంబు పెట్టారు. మంటలు లేస్తుంటే అనౌన్సర్లు రక్షించండి రక్షించండని రేడియోలోనే అరిచారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఓడ చివరికి లిబియాలో గడాఫీ చేతికి చేరింది. ఆ బాంబు రాత్రి కేకలు నేను విన్నాను. మా ఆవిడ మాత్రం నాటకం వస్తోందనుకుని, "తెలుగులో కూడా ఇలాంటివి బాగా వేస్తారు" అంది.

1972లో మీ అమీగో తిరిగొచ్చింది. ముసలిదైపోయింది. అడుగున తుప్పు తిని కన్నాలు పడితే సిమెంటు పెట్టి పూడ్చుకునేవారు. కొన్నేళ్ళు పగలంతా దాన్ని బెల్జియంలో వాఫిల్స్ వ్యాపారి ఒకాయన అద్దెకు తీసుకుని డచ్ భాషలో పాటలేసుకునేవాడు. మా కరోలిన్ చీకటి పడ్డాకే వచ్చేది. ఓడకి బతుకుతెరువు కావాలి కదా. అంతకుముందు కూడా అంతే, విప్లవం ఖర్చులో మంచి వాటా అమెరికా మతప్రచారకులే భరించేవారు. డబ్బిచ్చి అరగంటలు కొనుక్కుని పాటల మధ్య ప్రళయం గురించి చెప్పేవారు. ఆ తుప్పు ఓడలో కూర్చుని చెబితే ఎవరైనా నమ్మాల్సిందే.

ఓ'రాహిలీకి ఆ రోజుల్లో వేదాంతం పట్టింది. ప్రేమతో కూడిన ఎరుక కావాలి మనిషికి అని ఒక సిద్ధాంతం కనిపెట్టి పాటకీ పాటకీ మధ్య చెప్పించేవాడు. మా ఆవిడ అంట్లు సర్దుతూ విని, "ప్రేమ సంగతి తర్వాత. ముందు ఆ కన్నాలేవో సరిగ్గా పూడ్చుకోమనండి" అంది. సమస్తం తెలిసిన వేదాంతికి తట్టనిది ఆవిడకి తట్టింది.

1980 మార్చి 19 రాత్రి పెద్ద గాలి. మీ అమీగో లంగరు గొలుసు తెగి మైళ్ళకి మైళ్ళు కొట్టుకుపోయి లాంగ్ శాండ్ అనే ఇసుక దిబ్బ మీద పడింది. మంచం పక్కన ట్రాన్సిస్టర్లో వింటున్నాను. 319 మీటర్లు. అనౌన్సర్లు పాట ఆపి, లోపలికి నీళ్ళొస్తున్నాయి, ప్రసారం ఆపేస్తున్నాం, క్షమించండి అన్నారు. గొంతులో కంగారు లేదు. అది పోయాక ముల్లు దగ్గర వట్టి గాలి చప్పుడే మిగిలింది. కిటికీ అవతలా అదే చప్పుడు. మా ఆవిడ లేచి కూర్చుని "మనుషులో?" అంది. తెలీదన్నాను. లేచి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది. తెల్లారేదాకా ఇద్దరం రేడియో కట్టలేదు.

షీర్‌నెస్ లైఫ్‌బోట్ వాళ్ళు ఆ కెరటాల్లో వెళ్ళి నలుగురినీ దింపుకొచ్చారు. నలుగురితోబాటు పంజరంలో ఒక పిట్ట కూడా వచ్చింది. ఓడలో పెంచుకున్న కెనరీ. దాని పేరు విల్సన్. అవును, ఆ విల్సనే. తమ మీద చట్టం చేసిన ప్రధాని పేరు పెట్టి, ఇన్నాళ్ళూ గింజలేసి, మునిగేటప్పుడు మరిచిపోకుండా వెంట తీసుకొచ్చారు. ఓడ అడుగుకి చేరింది కానీ, ప్రసారాల స్తంభం మాత్రం నీళ్ళపైకి ఏళ్ళ తరబడి నిటారుగా నిలబడే ఉంది.

ఆ పొద్దున ఆస్పత్రిలో నా మొహం చూసి మా కన్సల్టెంట్ పక్కకి పిలిచి, ఇండియా నుంచి ఏదైనా చెడ్డ వార్తా, వారం సెలవిమ్మంటావా అని మెల్లిగా అడిగాడు. ఇండియాలో అంతా బాగానే ఉన్నారని చెప్పాను. మరి? ఏం చెప్పను? ఓడ మునిగిందన్నాను. మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా అందులో అన్నాడు. ఒక కెనరీ పిట్ట ఉంది, క్షేమం అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళు నా రాత్రి డ్యూటీలు తగ్గించారు.

1983లో కరోలిన్ మళ్ళీ లేచింది. ఈసారి ఒకప్పుడు చేపలు పట్టిన రాస్ రివెంజ్ అనే గట్టి ఓడ. దాని మీద 300 అడుగుల స్తంభం. ఇక దిగులు లేదనుకున్నాను. 1987 అక్టోబరు పెనుగాలిలో దక్షిణ ఇంగ్లండులో చెట్లన్నీ కూలినా ఆ స్తంభం కూలలేదు. నవంబరులో, అందరూ హమ్మయ్య అనుకున్నాక, కూలింది. అదే ఏడాది ప్రభుత్వం సముద్రపు హద్దుని మూడు మైళ్ళ నుంచి 12 మైళ్ళకి జరిపింది. ఇరవై ఏళ్ళ తర్వాత చట్టం ఈత నేర్చుకుంది. ఓడ ఇంకా అవతలికి జరిగింది. 1989లో డచ్, బ్రిటిష్ అధికారులు ఓడెక్కి సామాను ఊడదీశారు. 1991లో లంగరు తెగి గుడ్విన్ ఇసుక తిన్నెల మీద పడింది. ఆ తిన్నెలు మింగిన ఓడలకి లెక్కలేదు. దీన్ని మాత్రం ఎందుకో మింగలేదు. ఒడ్డుకి లాక్కొచ్చారు.

చివరికి 2017లో సర్కారువారు కరోలిన్‌కి లైసెన్సు ఇచ్చారు. మీడియం వేవ్‌లో 648 కిలోహెర్ట్జ్. ఒకప్పుడు బీబీసీ వరల్డ్ సర్వీసు వాడి వదిలేసిన చోటు! మిత్రులందరూ ఫోన్లు చేసి అభినందించారు, నాకేదో పద్మశ్రీ వచ్చినట్టు. నేనూ థాంక్స్ చెప్పాను. ఇప్పుడు ఫోన్లో కూడా వస్తుంది, గరగర లేదు, గాలివానతో సంబంధం లేదు, స్టూడియోలు ఒడ్డు మీదే. పాటలు చాలా బాగుంటాయి. మొట్టమొదటిసారి పాటలు వింటున్నాను. వింటూ వింటూ నిద్రపోతున్నాను కూడా.

ఓడ మాత్రం ఇప్పుడు ఎసెక్స్‌లోనే బ్లాక్‌వాటర్ నదీముఖంలో ఉంది. వెస్ట్ మెర్సీ నుంచి చిన్న పడవలో తీసుకెళ్ళి చూపిస్తారు. మొన్న వేసవిలో మా ఆవిడని కూడా లాక్కెళ్ళాను. ఓడ మీద ఉన్న వాలంటీర్లు అందరూ నా ఈడువాళ్ళో, కొంచెం చిన్నవాళ్ళో. అక్కడ ఎవ్వరూ పాటల గురించి మాట్లాడలేదు. జనరేటర్, వెల్డింగ్, అడుగున రేకు మందం ఎంత మిగిలింది. 1980 మార్చి రాత్రి ఎవరెవరు ఎక్కడ కూర్చుని విన్నారు. నా జబ్బున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలిసి ధైర్యమొచ్చింది.

మా ఆవిడ ఒక గోడ మీద వేలితో గీకింది. తుప్పు పెళ్ళగా రాలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక వాలంటీరుకి చూపించి, "లైసెన్సొచ్చింది, స్టూడియోలు ఒడ్డునే ఉన్నాయి, మరి ఈ ఓడెందుకండీ మీకు?" అని అడిగింది, ఇంగ్లీషులో, యాభై ఏళ్ళుగా నన్ను అడిగిన గొంతుతోనే. ఆయన తల గోక్కున్నాడు. సమాధానం దొరక్క నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

"ఇంత తుప్పుంటే రేపు శీతాకాలం గాలులకి ఆగుతుందా ఇది?" అని ఆవిడే మళ్ళీ అడిగింది.

"రంగు వెయ్యాలమ్మా. విరాళాలొస్తే వేస్తాం" అన్నాడాయన.

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తీసి చెక్కు రాసింది. ఎంత రాసిందో నాకు చూపించలేదు. ఇచ్చేటప్పుడు మాత్రం ఆయనకి ఖచ్చితంగా చెప్పింది, ఇది రంగుకి, పాటలకి కాదు అని.